ఈశాన్యాన తొరూన్ బురుజు

మా ఇంట్లో పాస్‌పోర్టు ఉన్న మనిషిని నేనొక్కదాన్నే కావడం వల్ల ఇబ్రహీంపట్నంలో ఒక ఇంటికి ఎర్ర ఇటుకల బురుజు లేచింది. ఈ రెండు సంగతులకీ మధ్య పోలండు దేశం ఉంది, మా అక్క కూతురి విరిగిన కాలుంది, నా నోటి తొందర ఉంది. నోటి తొందర అన్నది నన్ను నేను గౌరవించుకుంటూ వాడిన మాట. సూటిగా చెప్పాలంటే అబద్ధం.

నేను ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. సాగర్ రోడ్డు మీద సిమెంటు దుకాణం పైన ఒక గది, ఒక బల్ల, ఒక కంప్యూటరు, వచ్చినవాళ్ళకి రెండు కుర్చీలు. మాది కృష్ణా జిల్లా. పెళ్ళయి హైదరాబాదు శివారు బడంగ్‌పేట్‌కి వచ్చి పాతికేళ్ళు దాటింది. రోజూ పొద్దున్నే ఇబ్రహీంపట్నం వచ్చి, సాయంత్రం దాకా జనం గదుల్ని కాగితం మీద అటూ ఇటూ జరుపుతుంటాను. నిజానికి జరిపేది నేను కాదు, వాస్తు. వంటిల్లు ఆగ్నేయానికి, యజమాని పడక నైరుతికి, దేవుడు ఈశాన్యానికి. మరుగుదొడ్డి ఈశాన్యంలో మాత్రం ఉండకూడదు. ఉంటే వంశం నిలవదని ఒకరు, కళ్ళు పోతాయని ఒకరు చెబుతారు. నాకీ లెక్కల మీద రవ్వంత నమ్మకం లేదు. అయినా వచ్చినవాళ్ళ ముందు భక్తిగా తలాడిస్తాను, ఎందుకంటే తలాడించని వాళ్ళ దగ్గరికి ఇక్కడ ఎవరూ రెండోసారి రారు.

అలాంటి నేను ఒక చలికాలం పోలండులోని తొరూన్ వెళ్ళాల్సి వచ్చింది. మా అక్క కూతురు ఆ ఊళ్ళో చదువుకుంటూ, రాళ్ళు పరిచిన వీధిలో మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. అక్కకి బీపీ. బావగారికి విమానమంటే భయం, అది ఆకాశంలో కనపడినా లోపలికి వెళ్ళిపోతారు. నా పాస్‌పోర్టు మాత్రం, ఎప్పుడో సింగపూర్ పోదామనుకుని తీసుకున్నది, పట్టుచీరల కింద నిక్షేపంగా ఉంది. కందిపొడి, గోంగూర పచ్చడి, చింతపండు సర్దుకుని బయల్దేరాను.

తొరూన్ విస్తులా నది ఒడ్డున ఉంటుంది. మూడు వారాలున్నాను. మధ్యాహ్నం పిల్ల నొప్పి మాత్ర వేసుకుని పడుకోగానే, చీర మీద దాని కోటు తొడుక్కుని, కుచ్చిళ్ళు బూట్లలోకి దోపుకుని, బొమ్మలు గీసుకునే పుస్తకం చంకలో పెట్టుకుని ఊరి మీద పడేదాన్ని. నన్ను చూసి అక్కడి కుక్కలు కూడా మొరగడం మానేసి ఆలోచనలో పడేవి.

విస్తులా మన కృష్ణంత వెడల్పు కాదు. కానీ ఏ తొందరా లేకుండా పారుతుంది. వంతెన దాటి అవతలి ఒడ్డుకు వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే, ఊరంతా ఒకే బట్టీలో కాల్చినంత ఎర్రగా కనిపించింది. నీళ్ళ అంచునే కోటగోడ, గోడలో పడవలవాళ్ళ కోసం ద్వారాలు, వెనక ధాన్యపు గిడ్డంగులు, చర్చిల ఏటవాలు కప్పులు, అన్నిటికీ మధ్య పాత పురభవనం బురుజు. అన్నీ ఇటుకలే. ఇటుకల మీద పూత లేదు, రంగు లేదు. మన మేస్త్రీలు ప్లాస్టరింగు వెనక దాచే తప్పులన్నిటికీ అక్కడ దాక్కునే చోటు లేదు. వందల ఏళ్ళనాటి వరసలు దారం పట్టి చూసినా తేడా రావు. నేను గోడకి ముక్కు ఆనించి అతుకులు చూస్తుంటే, దారిన పోయే ముసలావిడ ఒకామె నాకు కళ్ళు తిరిగాయనుకుని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.

ఆ ఊళ్ళో వాలిపోయిన బురుజు ఒకటుంది. వ్రతం చెడిన ఒక సైనికుణ్ణి, నీ నడతలాగే వంకర బురుజు కట్టమని పెద్దలు శిక్ష వేశారట. మడమలూ వీపూ దాని గోడకి ఆనించి, చేతులు ముందుకు చాచి నిలబడగలిగితే పాపం చేయనివాళ్ళని లెక్క. నేను నిలబడ్డాను, మరుక్షణం ముందుకి తూలి పడ్డాను. చివరి వారం కర్రల మీద నడుస్తున్న పిల్ల దాన్ని వీడియో తీసి మా కుటుంబం మొత్తానికి పంపింది. చౌరస్తాలో ఒక కంచు గాడిద ఉంది. పూర్వం తప్పు చేసిన సిపాయిల్ని దాని పదునైన వీపు మీద కూర్చోబెట్టేవారట. కొంచెం అవతల ఒక పెద్దాయన విగ్రహం ఉంది. కదిలేది సూర్యుడు కాదు, భూమే అని చెప్పిన శాస్త్రజ్ఞుడు పుట్టింది ఈ ఊళ్ళోనే. భూమే అలా తిరుగుతూ ఉంటే ఈశాన్యం ఎక్కడ నిలుస్తుంది స్వామీ అని ఆయన్ని అడగాలనిపించింది.

నా కథకి కావలసింది మాత్రం నది పక్కనున్న పాడుబడ్డ కోట. శిలువ గుర్తు వేసుకున్న సన్యాసులు కట్టుకున్నది. వాళ్ళు సన్యాసులూ, సైనికులూ కూడా. వాళ్ళ పెత్తనం పడలేక ఒకనాడు ఊరివాళ్ళే తిరగబడి, కోటని రాయి మీద రాయి లేకుండా కూలగొట్టారు. ఇప్పుడు మొండిగోడలు, నేలమాళిగలు మిగిలాయి. మొండిగోడల మధ్య ఒకే ఒక్క బురుజు మాత్రం పొగరుగా, చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. కోటకి దూరంగా ఉంటుంది. అక్కడికి చేరడానికి కమానుల మీద కట్టిన పొడుగాటి వసారా ఒకటి. బురుజు కిందుగా చిన్న ఏరు పారుతుంది.

నేను అక్కడ మూడు మధ్యాహ్నాలు కూర్చుని మూడు వైపుల నుంచీ గీశాను. ఎదురుగా ఆ బురుజు సంగతి రాసిన పలక ఒకటి ఉంది. దాని నిండా మంచు పేరుకుని ఉంది. మంచు తుడిస్తే, ఆ భాష రాకపోయినా బొమ్మలైనా కనిపించేవి. పంచాయతీ వాళ్ళు ఇచ్చే కాగితాల్లో ఒక్క అక్షరం వదలకుండా చదివే నేను, చేతికి చలేస్తోందని ఆ పలక తుడవలేదు. ఎందుకు తుడవాలి, చూస్తేనే అర్థమవుతోంది కదా అనుకున్నాను. కట్టినవాళ్ళు సన్యాసులు. అందరికీ దూరంగా ఒంటరి గది. ఎవరినీ ముట్టుకోకుండా నడిచి వెళ్ళడానికి ప్రత్యేకంగా దారి. కింద పారే నీళ్ళు. మడి కట్టుకుని జపం చేసుకునే చోటు కాకపోతే ఇంకేమవుతుంది? సాయంత్రం పిల్లకి బొమ్మ చూపించి ఇదేమిటే అంటే, మాత్ర మత్తులో కళ్ళు సగం తెరిచి, కోటలో భాగం పిన్నీ, అని మళ్ళీ పడుకుంది. అది అబద్ధం చెప్పలేదు.

తిరిగి వచ్చాక ఆ పుస్తకం నా బల్ల మీద పడి ఉండేది. దాన్ని తిరగేసినాయన, పెద్దచెరువు కనిపించే చోట ఇల్లు కట్టుకుంటున్న రైతు. డెబ్భైకి దగ్గర్లో ఉంటారు. ఊళ్ళో అందరూ బాపు అంటారు, నేనూ అదే అనేదాన్ని. మంచి మనిషి, వాస్తు పట్టింపు ఒక్కటే ఆయనకున్న జబ్బు. పాత ఇంట్లో మెట్ల లెక్క సరి సంఖ్యలో వచ్చిందని మెట్లన్నీ పగలగొట్టించారు. కొత్తగా కట్టిన మరుగుదొడ్డి గోడ జానెడు ఈశాన్యంలోకి జరిగిందని ఎవరో అనగానే, మేస్త్రి వచ్చేదాకా కూడా ఆగకుండా తనే గడ్డపార పట్టారు.

ఈ జబ్బు వల్ల ఎక్కువ తిరిగింది ఆయన భార్య దేవుళ్ళు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ పటాలు వంటింటి అటక మీద కొన్నాళ్ళు, వసారా గూట్లో కొన్నాళ్ళు, ఫ్రిజ్ పైన ఒక ఏడాది ఉన్నాయి. నేను వాళ్ళింటికి కొలతలకి వెళ్ళిన నాటికి, మామిడికాయ జాడీకీ చింతపండు కుండకీ మధ్యనున్నాయి. ఆమె వంగి దీపం పెడుతుంటే వెనక నుంచి ఎవరో జరుగమ్మా అని ఉల్లిగడ్డలు తీసుకుపోయారు. కొత్త ఇంట్లో ఆమెకి మంచి పూజగది గీసి ఇవ్వాలని నాకు ఆ రోజే అనిపించింది. ఆ పట్టుదల నాకు నిజంగానే ఉంది, అది గుర్తుంచుకుని మిగతాది చదవండి.

బాపు పుస్తకం తిరగేస్తూ బురుజు దగ్గర ఆగారు.

"గిదేంది బిడ్డా?"

సన్యాసులు జపం చేసుకునే బురుజు అన్నాను. అక్కడితో ఆగితే పోయేది. పొద్దున్నే నదిలో మునిగి, తడిబట్టలతో ఈ వసారా మీదుగా మాటామంతీ లేకుండా నడిచి వచ్చి, లోపల గంటల తరబడి కూర్చునేవారని చెప్పాను. నాకెవరూ చెప్పలేదు ఇదంతా. చెబుతుంటే కళ్ళకి కట్టింది, కళ్ళకి కట్టింది కదా అని ఇంకొంచెం చెప్పాను.

బాపు పుస్తకం మూయలేదు. "కింద నీళ్ళు, మీద దేవుడు," అన్నారు మెల్లగా. "ఈశాన్యానికి ఇంతకన్న ఏం గావాలె. నాకు గిదే గట్టియ్యి."

వాస్తు చూసేవాడొచ్చాడు. దిక్సూచి ప్లాను మీద పెట్టి, బొమ్మని కిందికీ పైకీ తిప్పి, పోలండోళ్ళకు మనకన్న మంచిగ తెలుసు అని తేల్చాడు. ఈశాన్యం మూల నేలలో నీళ్ళ సంపు, సంపు మీద బురుజు, ఇంటి నుంచి దానిదాకా అయిదు కమానుల వసారా. మేస్త్రి ఒక్కడే గొణిగాడు. పూత లేకుండా వదిలేస్తే సగంలో ఆపిన ఇల్లనుకుంటరు అక్కా, అన్నాడు. మొదటి వారమంతా నేను పక్కన నిలబడి దారం పట్టి వరసలు కట్టించాను. తొరూన్ ఇటుకంత బాగా రాలేదు గానీ, రావిర్యాల నుంచి వచ్చే జనం కూడా బండి ఆపి చూసి వెళ్ళేంత బాగా వచ్చింది. నేను మురిసిపోయి ఫోటో తీసి, సన్యాసుల జపం గది అని రాసి వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాను.

ఆ సాయంత్రమే పిల్ల తొరూన్ నుంచి ఫోన్ చేసింది. చాలాసేపు మాట లేదు, ముక్కు చీదిన చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఏడుస్తోందేమో, మళ్ళీ ఎక్కడో పడిందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

"పిన్నీ, అది జపం గది కాదు. వాళ్ళ మరుగుదొడ్డి."

ఎవరిదే, అన్నాను తెలివితక్కువగా.

"సన్యాసులదే. కోట మొత్తానికీ అదే. ఊరివాళ్ళు మిగతాదంతా కూలగొట్టి దాన్నొక్కదాన్నే వదిలేశారు. ఇక్కడికి వచ్చే ప్రతివాళ్ళకీ చూపించి నవ్వుతారు."

నేను సిమెంటు బస్తా మీద కూలబడ్డాను. నవ్వు రాలేదు. మొదట వచ్చింది అవమానం, అదీ వృత్తిలో. ఎందుకు దూరంగా కట్టారు? వాసన కోసం. వసారా ఎందుకు? వానలో తడవకుండా పోవడానికి. కింద ఏరెందుకో చెప్పక్కర్లేదు. గంటల తరబడి కూర్చునేవారని నేను అన్న మాట కూడా కొందరి విషయంలో నిజమే అయి ఉంటుంది. పాతికేళ్ళుగా ఇళ్ళకి పైపులు గీస్తున్న మనిషిని, మరుగుదొడ్డిని చూసి దండం పెట్టి వచ్చాను.

చెప్పేయాలి. చెబితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. బాపు గడ్డపార తీసుకుంటారు, బురుజు నేలకి వస్తుంది, ఆమె దేవుళ్ళు మళ్ళీ మామిడికాయ జాడీ పక్కకి పోతారు. ఆమె కోసమే నోరు మూసుకుంటున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. నా పేరు ఇబ్రహీంపట్నం నుంచి నాగార్జునసాగర్ దాకా పోతుందన్న భయం కూడా ఉంది. దాన్ని మాత్రం అంత గట్టిగా చెప్పుకోలేదు.

నెల రోజులు దాచాను. ఆ నెలలో నా అబద్ధం నా చేయి దాటి బాపు నోట్లో పెరిగి పెద్దదైంది. ఇల్లు చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళనీ ఆయన కమానుల కింద నిలబెట్టి కథ చెప్పేవారు. మొదట్లో సన్యాసులు పదిమందే. రెండో వారానికి మూడువందల మంది అయ్యారు. మూడో వారంలో లోపల ఆరని దీపం వెలిగింది. ఒక రోజు నేను వెళ్ళేసరికి, అక్కడి రాజు చెప్పులు విడిచి ఆ వసారాలో నడిచేవాడని ఎవరికో చెబుతున్నారు. చెప్పి, అవునా బిడ్డా అని నా వైపు తిరిగారు. నేను దగ్గుతూ సంపు మూత చూడటానికి వెళ్ళిపోయాను.

బాపు భార్య తమ్ముడు అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఉంటాడు. బురుజు చూసి పోయి, మూడు రోజులకి నా ఆఫీసు మెట్లెక్కాడు. తనకీ ఈశాన్యంలో అలాంటిదే కావాలట, వీలైతే బావదాని కన్నా రెండడుగులు ఎత్తు. నేల పరీక్ష చేయించాలని చెప్పి పంపించాను. మళ్ళీ వస్తే రాయి అడ్డొచ్చిందని చెప్పాను. ఇలా వదిలేస్తే హైదరాబాదు తూర్పు వైపంతా ఈశాన్యాల్లో మరుగుదొడ్లు లేస్తాయని నాకు భయం పట్టుకుంది. నిద్రలో కూడా కమానులే కనిపించేవి.

గృహప్రవేశం దగ్గర పడుతుండగా పిల్ల సెలవులకి వచ్చింది. ఆ సంగతి బాపుకి ఎలా తెలిసిందో తెలిసింది. ఆ ఊళ్ళె ఉండేటి పొల్ల నోటితోని చెప్పియ్యాలె అని, ముందు రోజు పొద్దున్నే తీసుకురమ్మన్నారు. దారిలో బండి మీద దానికి నూరిపోశాను. బాగుంది అను, పాతది అను, ఇంకేమీ అనకు. అలాగే అంది. నవ్వొస్తే నీ విరిగిన కాలు గుర్తు చేసుకో అన్నాను. గుర్తు చేసుకుంటే నువ్వు పడ్డ వీడియో కూడా గుర్తొస్తుంది పిన్నీ అంది.

అక్కడ బాపు, ఆయన బావమరిది, నిచ్చెన దిగుతున్న మేస్త్రి, ఇంకో నలుగురు చుట్టాలూ ఉన్నారు. బాపు భార్య బురుజు లోపల పటాలు తుడుస్తోంది. ద్వారానికి మామిడాకులు కట్టేశారు. పిల్ల కమానుల వంక చూసింది, కింది పెదవి పళ్ళతో పట్టుకుంది. బాగుంది తాతయ్యా, అచ్చం అలాగే ఉంది, అంది. బాపు మొహం వెలిగిపోయింది. అంతటితో గండం గడిచిందనుకున్నాను. అప్పుడు బావమరిది చేతులు కట్టుకుని, భక్తిగా, ఒక్క మాట అడిగాడు.

"ఆ సన్యాసులు దినాం ఎన్నిపార్లు కూసుంటుండిరి బిడ్డా, అండ్ల?"

పిల్ల మెట్ల మీద కూర్చుండిపోయింది. మొహం చున్నీలో దాచుకుంది, భుజాలు ఆగడం లేదు. చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాపు నా వైపు చూశారు. ఆ చూపులో ఇంకా అనుమానం లేదు, ఏదో నవ్వొచ్చే కథ ఉంది, నాకూ చెబుతారన్న ఆశ మాత్రమే ఉంది. అది చూసి ఇక దాచలేకపోయాను. అంతా చెప్పాను, మంచు తుడవని పలకతో సహా.

బావమరిది మెల్లగా రెండడుగులు వెనక్కి వేశాడు. బాపు బురుజుని పైనుంచి కిందిదాకా చూశారు.

"నా దేవున్ని తీస్కపోయి లెట్రిన్ల కూసోబెట్టినవా, బిడ్డా."

అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఆయన మేస్త్రి వైపు తిరిగి గడ్డపార తెమ్మన్నారు.

అప్పటికి ఆమె గుడ్డ చేత్తో పట్టుకుని ద్వారంలోకి వచ్చింది. లోపలికి అన్నీ వినిపించినట్టున్నాయి. మొగుణ్ణి చూడలేదు, నా దగ్గరికే వచ్చింది. ఎప్పటిసంది ఎర్క నీకు అని అడిగింది. నెలైందమ్మా అన్నాను. మరి చెప్పకపోతివి అంది. మీ గది పోతుందని దాచానన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది.

"నా గది అంటున్నవ్. నన్ను ఒక్కపారన్న అడిగినవా?"

ఎత్తు బాపుని అడిగాను, దిక్కు వాస్తువాడిని అడిగాను, ఇటుక మేస్త్రితో తగవులాడి తెప్పించాను. అందులో కూర్చునే మనిషికి ఏం కావాలో మాత్రం ఒక్కసారీ అడగలేదు. నలభై ఏళ్ళు ఆమె దేవుళ్ళని జరిపినప్పుడు బాపు ఆమెని అడగలేదని లోలోపల ఆయన్ని తిట్టుకుంటూ ఉండేదాన్ని. నేను చేసింది కూడా అదే, పైగా ఆమె మేలు కోసమని. నా ఇన్నేళ్ళ బతుకులో ఇంకొకరి ముందు అంత చిన్నబోవడం అదే మొదలు.

ఆమె పిల్ల వైపు తిరిగి, తక్కిన కోట ఉందా అని అడిగింది. లేదమ్మమ్మా, ఊరివాళ్ళు అంతా కూలగొట్టి ఇదొక్కటి ఉంచారని పిల్ల చెప్పింది. ఆమె తలాడించింది. బుద్ధిగల్లోళ్ళు అంది. మేస్త్రి గడ్డపార తెచ్చి, ఎవరికి ఇవ్వాలో తెలియక మధ్యలో నిలబడ్డాడు.

"నేను దేవుని ముందల కూసుంటె అందరు పిలుస్తరు," అంది ఆమె, ఈసారి బాపుతో. "చాయ్ అంటవ్, తువ్వాల అంటవ్, తాళంచెవి ఏడ పెట్టినవంటవ్. దొడ్డికి పోతె ఒక్కలు పిలువరు. నలభై ఏండ్ల సంది నీ ఇంట్ల నేను నిమ్మళంగ కూసున్నది గండ్లనే. ఇది గసుంటి గదే అయితె, నాకు ఇదే గావాలె."

బాపుకి దిక్కులు తెలుసు, మూలలు తెలుసు, ఈ మాటకి ఏ మూలలో చోటివ్వాలో మాత్రం తెలియలేదు.

ఆమె మేస్త్రితో గడ్డపార లోపల పెట్టమంది. తలుపుకి లోపలికెల్లి గడియ పెట్టు అంది. మేస్త్రి నా మొహం చూశాడు. పూజగది తలుపులకి గంటలు పెడతాం, పువ్వులు చెక్కిస్తాం. లోపలి వైపు గడియ నేను ఏ ఇంటికీ గీయలేదు, అతనూ ఎక్కడా బిగించలేదు. ఎంత ఎత్తులో పెట్టాలో ఈసారి ఆమెనే అడిగాను. కూర్చున్న చోటు నుంచి చెయ్యి చాస్తే అందాలి అంది. కూర్చుని చూపించింది కూడా. మేస్త్రి పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, ఊళ్ళో దుకాణం నుంచి మంచి ఇత్తడి గడియ తెచ్చాడు. అది బిగించడం అయ్యేదాకా బాపు సంపు మూత మీద కూర్చుని చెరువు వైపు చూస్తూ ఉన్నారు. ఆయన దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను. నన్ను కాదు, ఆమెని అడుగు అన్నారు. అడిగే వచ్చానన్నాను. ఏమన్నదని అడిగారు. పోనీ తియ్ అన్నారని చెప్పాను. నాతోని గట్ల ఎన్నడు అనలే, అన్నారు ఆయన.

మర్నాడు పాలు పొంగించారు, వ్రతం చేశారు, ఇల్లంతా చుట్టాలు. కథ అప్పటికే ఊరంతా పాకింది. వచ్చినవాళ్ళు బురుజు ముందు చెప్పులు విడవాలా వద్దా అని తటపటాయించడం చూసి పిల్లా నేనూ స్తంభం చాటుకి పోయి నవ్వుకున్నాం. పంతులుగారు వెళ్ళాక, బంతి లేచాక, ఆమె చేతులు కడుక్కుని, అయిదు కమానుల కిందుగా నడిచి బురుజులోకి వెళ్ళింది. తలుపు మూసుకుంది. కొత్త గడియ కదా, పడిన చప్పుడు వసారా ఈ చివరికి వినిపించింది.

కాసేపటికి ఏదో తాళం కావాలని ఎవరో అడిగారు. బాపు అలవాటు చొప్పున ఆమెని పిలుచుకుంటూ వసారా పొడుగునా వెళ్ళారు. తలుపు ముందు ఆగి చెయ్యెత్తారు. మేమందరం ఇటు నుంచి చూస్తున్నాం. ఎత్తిన చెయ్యి గాలిలో అలాగే ఉంది, తర్వాత నెమ్మదిగా దిగింది. ఆయన చుట్టూ చూసి, గోడకి వీపు ఆనించి గడప పక్కన కూర్చున్నారు.

నేను మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను. ఎంతసేపుంటదో లోపల, అని గొంతు తగ్గించి అడిగారు. నాకు తెలియదన్నాను, ఈసారి కథేమీ చెప్పలేదు. తాళం కోసం కోడలు వచ్చింది, వెనకే ఇంకెవరో వచ్చారు. ఆయన ఇద్దర్నీ చేత్తోనే ఆపారు.

"లోపలున్నది. పిలువద్దు."